నీలం పట్టా కింది మామిడిపండ్లు

ఒక యంత్రం చెప్పిన మాట పట్టుకుని మీరు ఎప్పుడైనా ఒక మనిషిని నలుగురిలో దొంగగా నిలబెట్టారా? తొందరపడి లేదనకండి. నేనూ చాలాకాలం లేదనే అనుకున్నాను. జాతకాల పేరుతో, శకునాల పేరుతో మనుషుల మీద నిందలు వేసేవాళ్ళతో పద్నాలుగేళ్ళ వయసు నుంచి వాదిస్తూ పెరిగినదాన్ని. నేను కూడా ఆ పని చేస్తానని ఎలా అనుకుంటాను?

మాది గుంటూరు వైపు ఒక చిన్న పట్నం. అక్కడి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు చర్చ జరిగేది. చేతబడి ఉందా, ముహూర్తం అవసరమా, వితంతువు శుభకార్యానికి ఎందుకు రాకూడదు, ఇలాంటివి. నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన పెట్టిన నియమాలు రెండే. ఏదైనా ఉందన్నవాడు ఆధారం చూపాలి. తన మాట తప్పని తేలినవాడు, ఆ మాట ఎక్కడ నిలబడి అన్నాడో అక్కడే నిలబడి, ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగా, "నేను అన్నది తప్పు, ఎందుకంటే" అని కారణంతో సహా చెప్పాలి. మొదటి నియమం నాకు బాగా అబ్బింది. రెండోది అవతలివాళ్ళ కోసం పెట్టిందని అనుకునేదాన్ని.

ఇంజనీరింగ్ చదువుకోసం హైదరాబాద్ వచ్చాను. కాలేజీ ఎల్బీ నగర్ దాటాక, హైవే పక్కన. ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్. గదిలో నాలుగు మంచాలు. మిగతా ముగ్గురూ ప్రభుత్వ ఉద్యోగాల కోచింగ్‌కు వచ్చినవాళ్ళు. పొద్దున లేస్తే మెటీరియల్, పడుకునే ముందు మెటీరియల్. అన్నం తింటూ కూడా ఒకరినొకరు బిట్లు అడుగుకునేవాళ్ళు. నేను గదిలోకి వస్తే కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవాళ్ళు తప్ప, ఎలా ఉన్నావని అడిగే తీరిక వాళ్ళకు లేదు. తప్పు పట్టను. వాళ్ళ వయసు దాటిపోతోంది.

ఫైనలియర్‌లో ప్రాజెక్టు చేయాలి. నలుగురికి ఒక బ్యాచ్. మా బ్యాచ్ నలుగురమూ మొదటి సంవత్సరం నుంచి ఒకే బెంచీ వాళ్ళం. జనవరిలో ఒకరోజు మిగతా ముగ్గురూ నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రెండో అంతస్తుకు తీసుకెళ్ళారు. అక్కడ ప్రాజెక్టులు అమ్ముతారు. అట్ట వేసిన మెనూ కార్డులాంటిది మా చేతికిచ్చారు. గుండెజబ్బును ముందే కనిపెట్టేది, తప్పుడు వార్తలు పట్టేది, పంట తెగుళ్ళు గుర్తించేది, ఒక్కోదాని పక్కన అది ఎంత శాతం సరిగ్గా చెబుతుందో అచ్చయి ఉంది. కోడు, రిపోర్టు, స్లైడ్లు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ వాళ్ళే ఇస్తారు. కౌంటర్ మీద కంప్యూటర్‌కు పసుపు బొట్లు, కీబోర్డు పక్కన నిమ్మకాయ.

ఆ నిమ్మకాయ చూడగానే నాకు పూనకం వచ్చింది. పరిశోధన అనే మాటకు అర్థం తెలుసా అని ఆ షాపతన్ని అడిగాను. అతను నొచ్చుకోలేదు. "మేడం, మీ సీనియర్లు అందరూ మా దగ్గరే. ఇప్పుడు అమెరికాల, బెంగుళూర్ల ఉన్నరు. మీకేం కష్టమైతుంది?" అన్నాడు. మర్నాడు క్లాసులో, అందరి ముందూ, నా బ్యాచ్ వాళ్ళు దొంగలన్నాను. ఆ మాటే అన్నాను. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి నాకు జ్వరం వచ్చినప్పుడు రెండు రోజులు కాలేజీ మానేసి నా పక్కన కూర్చున్న మనిషి. ఆమె ఒక్కటే అంది: "నువ్వు కరెక్టేనే. కానీ నీతో ఉండటం కష్టం." వాళ్ళు గుండెజబ్బు కొనుక్కున్నారు. గైడ్ దగ్గర అనుమతి తీసుకుని నేను ఒక్కదాన్నే బ్యాచ్ అయ్యాను. ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో నా బల్ల మీద ఒకే గ్లాసు.

నేను ఎంచుకున్నది మామిడిపండ్లు. రంగు కోసం, తొందర కోసం కార్బైడ్ పెట్టి పండబెట్టిన కాయను ఫొటో చూసి గుర్తుపట్టే ప్రోగ్రాము. ఫోన్ కెమెరా కింద పండు పెడితే "మందు పెట్టినది" అనో "మందు లేనిది" అనో చెప్పాలి. ఇందులో మర్మం లేదు. రెండు రకాల ఫొటోలు వందలకొద్దీ చూపిస్తే, వాటి మధ్య తేడాను కంప్యూటర్ తనే వెతుక్కుంటుంది. ఏ తేడాను పట్టుకుందో మాత్రం మనకు చెప్పదు. ఈ చివరి వాక్యం మా పాఠ్యపుస్తకంలోనూ ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మందు కాయల కోసం బాలాపూర్ దారిలో ఒక హోల్‌సేల్ షెడ్డు దొరికింది. ఎవరిదో చెప్పనని మాటిచ్చాక ఫొటోలు తీసుకోనిచ్చారు. మందు లేని కాయలు దొరకడమే కష్టమైంది. అలా పరిచయమైంది ఆమె.

కొత్తపేటలో బస్టాపు దాటాక తోపుడు బండి మీద పండ్లు అమ్మేది. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో కిరాయికి ఉండేది. నలభై దాటి ఉంటాయి. ఎండాకాలం వస్తే ఆమె ఇంటి ముందు గది గదిలా ఉండదు. గోడ నుంచి గోడ దాకా వరిగడ్డి, గడ్డిలో బేనిషా కాయలు. బంగినపల్లి అని మేమనే పండును ఇక్కడ అలా అంటారు. మొగుడూ పిల్లలూ వంటింట్లో పడుకునేవాళ్ళు. మందు పెడితే ఒకటి రెండు రోజుల్లో రంగొచ్చేదాన్ని ఆమె వారం పాటు తిప్పి తిప్పి మాగబెట్టేది. అందుకే ఆమె పండు పక్క బండి కన్నా కొంచెం ప్రియం, అయినా కాలనీల నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆమెకు దుకాణం లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా, ఈమె కాయ మందు ముట్టదు అని నలుగురూ అనుకునే ఆ ఒక్క మాట.

ఆ మాటను కంప్యూటర్‌తో రుజువు చేస్తానని చెప్పాను. నవ్వింది. "నాకెందుకు రుజువు బిడ్డా, తిన్నోడు చెప్తడు గదా," అంది. అయినా ఇంటికి తీసుకెళ్ళింది. కాయలు గంపలో వేసుకుని మూడో అంతస్తు డాబా మీదికి తనే మోసుకొచ్చింది. ఎండలో ఒక్కొక్కటీ తిప్పి పెడుతుంటే నేను ఫొటోలు తీశాను. నాలుగైదు ఆదివారాలు అలా గడిచాయి.

అప్పటికి కాలేజీలో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. సాయంత్రం బస్సు దిగి ఆమె బండి దగ్గర నిలబడటం అలవాటైంది. "ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్? జర ఇట్ల దగ్గరకి రా," అనేది. ఒక పక్క దెబ్బ తగిలి అమ్ముడుపోని పండు నా కోసం తీసిపెట్టేది. నా ప్రాజెక్టు గురించి ఆమె అడిగినన్ని ప్రశ్నలు మా గైడ్ అడగలేదు. కాయ లోపల మందు ఉంటే పైన తోలు చూసి ఎట్ల తెలుస్తది అని అడిగింది ఒకసారి. అది మంచి ప్రశ్న అని ఇప్పుడు తెలుసు. అప్పుడు, అదంతా లెక్కలు, నీకు అర్థం కాదులే అన్నాను. ముహూర్తాలు పెట్టేవాళ్ళు మా గ్రంథాలయంలో ఇచ్చే జవాబు సరిగ్గా అదే.

ప్రోగ్రాము తయారైంది. పరీక్ష కోసం పక్కన పెట్టిన ఫొటోలు చూపిస్తే నూటికి తొంభై ఆరు సార్లు సరిగ్గా చెప్పింది. హాస్టల్ గదిలో ఆ అంకె చూసి నేను లేచి నిలబడ్డాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పక్క మంచం అమ్మాయికి చెబితే, "కంగ్రాట్స్," అని పేజీ తిప్పింది. మర్నాడు పొద్దున బండి దగ్గరకు పరుగెత్తి ఆమె పండ్ల మీద చూపించాను. పది కాయలు పెడితే పదీ "మందు లేనిది" అంది ఫోను. ఆమె ఫోనుకు దండం పెట్టినంత పని చేసింది. నేను వారించాను, ఇది దేవుడు కాదమ్మా, సైన్సు అని.

ఏప్రిల్ చివరికి ఎండ ముదిరింది. ఒకరోజు సాయంత్రం దిగేసరికి బండి మీద నాలుగు కర్రలు పాతి కొత్త ప్లాస్టిక్ పట్టా కట్టుకుని ఉంది. నీలం రంగుది. బండి చుట్టూ ఐదారుగురు బేరగాళ్ళు. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"రా బిడ్డా, మంచిగ ఒచ్చినవ్," అని వాళ్ళవైపు తిరిగింది. "గీ పిల్ల ఇంజినీరు సదువుతది. ఫోను పెట్టి చూసి చెప్తది. నా కాయల మందు ఉన్నదో లేదో మీరే సూడున్రి."

అందరూ దగ్గరకు జరిగారు. నేను ఫోను తీశాను. ఆమె ఏరి ఏరి ఒక మంచి పండు పట్టా కింద పెట్టింది. తెర మీద "మందు పెట్టినది" అని వచ్చింది. ఇంకోటి పెట్టింది. అదే. ఇంకోటి. అదే. ఏడు పండ్లు పెట్టింది. ఏడో పండు పెట్టేటప్పుడు ఆమె చెయ్యి నిదానించింది.

ఇక్కడ నేను ఏం చేయాలి? ప్రోగ్రాము తప్పేమో అనాలి. నాలుగైదు ఆదివారాలు ఆమె ఇంట్లో గడ్డి నా కళ్ళతో చూశాను, చేత్తో తాకాను. ఆమె వేళ్ళ సందుల్లో గడ్డి నూగు చూశాను. అంతకు మించిన ఆధారం ఏముంటుంది? కానీ నాకు తొంభై ఆరు గుర్తొచ్చింది. నేను ఫోను దించి, అందరూ వినేలా అడిగాను.

"నిజం చెప్పమ్మా. ఈసారి కాయలు ఎక్కడి నుంచి తెచ్చావు?"

ఆమె ఏడో పండును తిరిగి కుప్పలో పెట్టింది. నా వైపు చూసింది, అంతే. ఒక పెద్దాయన అప్పటికే తూకం వేయించుకున్న సంచిని బండి మీద బోర్లించాడు. నాకు ముందే డౌటు, ఈ రోజుల్లో గడ్డిలో ఎవరు పెడతారండీ అన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పక్క బండి దగ్గరకు పోయారు. నేను కూడా వచ్చేశాను. హాస్టల్ దాకా నడిచాను. మోసపోయానన్న బాధ కన్నా, నిజం కోసం మొహమాటం లేకుండా అడిగానన్న గర్వమే ఎక్కువగా ఉంది. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఎందుకు మోసం చేసిందో కనుక్కోవాలని. బండి దగ్గర కొనేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, తిట్టలేదు. "ఫోను తియ్యి," అంది. తీశాను. ఆమె తన కుడిచెయ్యి చాపి అరచెయ్యి పైకి తిప్పి పట్టా కింద పెట్టింది.

"మందు పెట్టినది" అంది ఫోను.

"గీ చెయ్యి గూడ మందు వెట్టి మాగవెట్టిందేనా, బిడ్డా?"

ఆమె గొంతులో ఎగతాళి లేదు. చెయ్యి తీసేసి బండి మీది ఖాళీ బల్ల చూపించమంది. చూపించాను. ఖాళీ బల్లకు కూడా మందు పెట్టి ఉంది. అప్పుడు నేను తలెత్తి నీలం పట్టాను చూశాను. చూడగానే బాలాపూర్ దారిలో ఆ షెడ్డు కళ్ళముందుకొచ్చింది. షెడ్డు పొడవునా నీలం పట్టాలే. మందు కాయల ఫొటోలు అన్నీ ఆ నీలం నీడలో తీసినవి. మందు లేని కాయల ఫొటోలు అన్నీ అల్మాస్‌గూడ డాబా మీద ఎండలో తీసినవి. పరీక్షకు పక్కన పెట్టినవీ ఆ రెండు చోట్ల నుంచి వచ్చినవే. కంప్యూటర్ ఏ రోజూ మామిడిపండును చూడలేదు. నీలం నీడకు ఒక పేరు, ఎండకు ఒక పేరు పెట్టుకుంది. నిమ్మకాయను చూసి నవ్విన మనిషిని నేను. నా కౌంటర్ మీద తొంభై ఆరును పెట్టుకుని బొట్లు పెట్టాను.

ఆమెకు చెప్పబోయాను. "పో బిడ్డా," అంది. "నాకు లెక్కలు అర్థం కావు గదా."

గైడ్‌కు చెప్పాను. మంచివాడే, పదకొండు బ్యాచ్‌లు మోస్తున్నవాడు. నేను చెప్పిందంతా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పట్టా సంగతి నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? రిపోర్ట్ బైండింగ్‌కు ఇచ్చేయ్," అన్నాడు. ఆ సాయంత్రం మా పాత బ్యాచ్ అమ్మాయికి ఫోన్ చేయాలనిపించింది. నంబరు తీసి, చేయకుండానే ఫోను పక్కన పెట్టేశాను. దొంగ అన్న మాట నాదే. ఇప్పుడు నా చేతిలో ఉన్నది కూడా కొన్న అంకె లాంటిదే, కాకపోతే నేను రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించుకున్నాను.

వైవా రోజు రిపోర్టులో చివరి అధ్యాయం మార్చి రాసి తీసుకెళ్ళాను. ఒక నీలం పట్టా ముక్క కూడా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు నా అరచెయ్యి పెట్టి చూపించాను. నేను అన్నది తప్పు, ఎందుకంటే, అని మొదలుపెట్టి పూర్తిగా చెప్పాను. మా గ్రంథాలయంలో ఎవరైనా అలా చెబితే కుర్చీలు కదిలేవి, మాస్టారు లేచి భుజం తట్టేవారు, ఓడినవాడికి ముందు టీ ఇచ్చేవాళ్ళు. ఇక్కడ ఫ్యాన్ తిరుగుతోంది. ఎగ్జామినర్ మార్కుల షీటు చూసుకుంటూ, "మరి టైటిల్‌లో 'గుర్తించు విధానం' అని ఎందుకు ఉంచావు?" అని అడిగాడు. పాస్ మార్కులు వేసి, నెక్స్ట్ బ్యాచ్ అన్నాడు. తర్వాత వెళ్ళింది గుండెజబ్బు వాళ్ళు. లోపలి నుంచి చప్పట్లు వినిపించాయి. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి నా చేతిలో నీలం ముక్కను చూసింది. అదేంటి అని అడుగుతుందేమోనని ఆగాను. అడగలేదు.

అక్కడి నుంచి నేరుగా కొత్తపేట వెళ్ళాను. ఆమె బండి ఉండే చోట చెరకు రసం బండి ఉంది. పదిరోజులైంది పోయి, బేరం పడిపోయింది, ఎవరో కాలేజీ పిల్ల మిషన్ పెట్టి చూసి మందుందని చెప్పిందంట, అని ఆ బండాయన నాకే చెప్పాడు. ఎటు పోయిందో తెలీదన్నాడు. అల్మాస్‌గూడ ఇంటికి పోతే తలుపు దగ్గర ఆమె మొగుడు, మూసారాంబాగ్ దిక్కు పెడుతున్నది అని ఒక్క మాట చెప్పి లోపలికి పోయాడు.

రెండు రోజులు వెతికాను. మెట్రో స్టేషను మెట్ల కింద దొరికింది. బండి మీద పట్టా లేదు. ఎండలోనే నిలబడి ఉంది. ముగ్గురు నలుగురు కొనేవాళ్ళు ఉన్నారు. నేను మాస్టారి నియమం తప్పడం లేదనుకున్నాను. బండి ముందు నిలబడి, ఆ రోజు ఎంత గట్టిగా అడిగానో అంత గట్టిగా చెప్పాను. ఈమె కాయల్లో మందు లేదు, నా ప్రోగ్రాము తప్పు, అది పండును కాదు నీడను చూసింది, తప్పు నాది. కొనేవాళ్ళు వింతగా చూశారు. ఒకాయన ఫోన్లో మాట్లాడుతూ రెండడుగులు పక్కకు జరిగాడు.

ఆమె పండ్లు తూస్తూనే ఉంది. తూకం అయ్యాక అంది:

"ఎవ్వల్కి జెప్తున్నవ్? ఆ దినం ఇన్నోళ్లు ఈడ ఒక్కలు గూడ లేరు."

తర్వాత, కొత్తగా వచ్చిన మనిషిని అడిగినట్టే, "ఎన్ని కిలోలు మేడం?" అంది.

అదివరకు ఆమె నన్ను బిడ్డా అని తప్ప పిలవలేదు. రెండు కిలోలు అన్నాను. దెబ్బ తగలనివి ఏరి, సరిగ్గా తూచి, సంచిలో వేసి ఇచ్చింది. హాస్టల్‌కు తెచ్చి గదిలో పంచాను. చాలా బాగున్నాయి అన్నారు ముగ్గురూ, బిట్లు చదువుకుంటూనే.

మర్నాడు కొత్తపేట వెళ్ళి చెరకు రసం బండి పక్కన నిలబడ్డాను. ఆ పెద్దాయన వస్తాడేమోనని, ఆ ఇద్దరు ఆడవాళ్ళు వస్తారేమోనని. వాళ్ళ ముఖాలు నాకు సరిగ్గా గుర్తులేవు. వచ్చేపోయేవాళ్ళలో ఒకరిద్దరిని ఆపి చెప్పబోతే, ఏదో అమ్మడానికి వచ్చానని తల అడ్డంగా ఊపి వెళ్ళారు. అలా వారం రోజులు నిలబడ్డాను. అప్పటికి కాయల కాలం అయిపోయింది. తర్వాతి ఏడాది మూసారాంబాగ్ మెట్ల కింద కూడా ఆమె లేదు.

అందుకే ఇది రాస్తున్నాను, మీకే రాస్తున్నాను. ఆ సాయంత్రం కొత్తపేట బస్టాపు దాటాక నీలం పట్టా కింద నిలబడి నా మాట విని సంచి బోర్లించిన పెద్దాయన మీరే అయితే, పక్క బండికి నడిచిన ఆడవాళ్ళు మీరే అయితే, ఆమె కాయ మందు ముట్టలేదు. మీరు ఆ మాట ఎవరెవరికి మోశారో వాళ్ళకు వెళ్ళి చెప్పండి. మీరు వాళ్ళు కాకపోయినా, అంకెనో, రిపోర్టునో, తెర మీద అక్షరాలనో పట్టుకుని మీరు నలుగురిలో నిలదీసిన మనిషి ఒకరు మీకూ ఉంటారు. ఆ మాట విన్నవాళ్ళు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్ళ ముఖాలు ఇంకా మీకు గుర్తున్నాయి. రేపటిదాకా ఆగకండి. ఆ మాట అన్న చోటికే వెళ్ళండి, వాళ్ళందరూ వినేలా దాన్ని వెనక్కి తీసుకోండి.